మేమంటే ఎవరెవరు

ఆదివారం పొద్దున మా ఇంట్లో గొడవ ఒక చొక్కా గురించి. మా ఆయన తెల్లచొక్కాని నేను మేడ మీద వీధివైపు తీగ మీద ఆరేశాను. పెరటివైపు తీగ నిండా దుప్పట్లున్నాయి. పైగా ఎండ ముందు వీధివైపే పడుతుంది. ఆయన పళ్లు తోముకుంటూ పైకి వచ్చి, నోట్లో నురగతోనే, "దీన్నిక్కడెందుకు వేశావు?" అన్నారు.

"ఎండ ఇక్కడుందండీ."

"ఎండ కోసం పరువు ఆరేస్తామా? దారిన పోయేవాళ్లందరికీ కనిపిస్తోంది."

"చొక్కానే కదా. మీరు వేసుకున్నప్పుడూ కనిపిస్తుంది."

"నీతో మాట్లాడ్డం నాది బుద్ధితక్కువ" అని ఆయన దిగి వెళ్లి వాళ్లమ్మతో చెప్పినట్టున్నారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అత్తయ్య కింది నుంచే కేకేసింది. "మా ఇంట్లో మగవాళ్ల బట్టలు వీధివైపు ఆరేసే అలవాటు లేదమ్మాయ్!"

చొక్కా తీసి రెండు దుప్పట్ల మధ్య ఇరికించాను. అక్కడ అది సాయంత్రానికి గానీ ఆరదు. ఆరకపోతే ఆ మాటా నేనే పడాలి. మర్నాడు సభకు ఆయన వేసుకోవాల్సిన చొక్కా అదే.

సభ అంటే మునిసిపాలిటీవాళ్లు పెట్టిన అభిప్రాయ సేకరణ. మా వీధి చివర ఎప్పుడో మూతపడ్డ వర్క్‌షాపు స్థలం ఉంది. తుప్పుపట్టిన గేటు, లోపల ముళ్లకంప. దాన్నొక బిల్డరు కొని, అందులో అపార్ట్‌మెంట్లు కడతానని అర్జీ పెట్టుకున్నాడు. పెద్దవి కావు, ఒక గది, రెండు గదుల ఇళ్లు. మాదంతా విడివిడి ఇళ్ల వీధి. ఎవరి గేటు వాళ్లది, ఎవరి గోడ వాళ్లది. ఈ వార్త రాగానే, అంతకుముందు చెత్తబండి గురించి పోట్లాడుకున్న ఇళ్లన్నీ ఒక్కటయ్యాయి. వీధి సంఘానికి మా ఆయన కార్యదర్శి. సంఘానికి ఆఫీసు లేదు. మా ముందుగదే ఆఫీసు, మా వంటగదే క్యాంటీను. తీర్మానాల్లో అధ్యక్షుడు ఎవరో, బలపరిచింది ఎవరో రాసుకుంటారు గానీ క్యాంటీను సంగతి ఎక్కడా రాయరు. నాకు తెలుసు, ఆ తీర్మానాలకు సాపు ప్రతి రాసేది నేనే. "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది" అంటారు మా ఆయన. ముత్యాలు నావి, కింద సంతకం ఆయనది.

టీ కప్పులు పెడుతూ, తీస్తూ వాళ్ల అభ్యంతరాలన్నీ విన్నాను. నీళ్ల సంగతి నిజమే. ఇప్పటికే వేసవిలో మా కుళాయి సన్నగా ఏడుస్తుంది. మురుగుకాలవ సంగతీ నిజమే, లారీల సంగతీ నిజమే. ఇవన్నీ అయ్యాక ఎదురింటి బ్యాంకాయన గొంతు తగ్గించి అసలు మాట బయట పెట్టేవాడు. ఆయన బ్యాంకులో రిటైరయ్యాడు, మాట మాత్రం ఇంకా కౌంటర్ వెనక నుంచే వస్తుంది. "అవన్నీ సరేనండీ. ఒక గది ఇళ్లంటే ఎలాంటివాళ్లు వస్తారు? బ్యాచిలర్లు, ఒంటరి ఆడవాళ్లు. వాళ్లెప్పుడొస్తారో, ఎప్పుడు పోతారో! ఫ్యామిలీలుండే వీధి." అందరూ తలలూపేవారు. మా ఆయన దానికో మర్యాదైన రూపం కనిపెట్టారు. "నాలుగో అంతస్తు నుంచి చూస్తే మన ఇళ్ల మేడలన్నీ కనిపిస్తాయి. ఇక మా ఆడవాళ్లు మేడ మీదికి రాలేరు. ఇలా పెడదాం."

ఆడవాళ్లు మేడ మీద ఏం చేస్తారో ఆ గదిలో ఎవరికీ తెలిసినట్టు లేదు. తడిబట్టల బకెట్ మోసుకుని ఎక్కుతాం, ఆరినవి మోసుకుని దిగుతాం. ట్యాంకు మూత ఎత్తి నీళ్లెంత ఉన్నాయో చూస్తాం. వాన మబ్బు పట్టిందంటే పొయ్యి మీది కూర వదిలేసి పరుగెత్తుతాం. ఊరికే నిలబడి గాలి పీల్చుకుందామని నేనెప్పుడూ మేడ ఎక్కిన గుర్తు లేదు. నాలుగో అంతస్తు నుంచి ఎవరైనా తొంగిచూస్తే నా నడుము నొప్పి కనిపిస్తుంది, అంతే. మేడ మీదికి రాలేకపోతే బట్టలెవరు ఆరేస్తారని అడగబోయి, చేతిలో ట్రే ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను. ట్రే పట్టుకున్న మనిషి మాట్లాడితే ఇంకా కప్పులు కావాలా అని అడుగుతోందనుకుంటారు.

ఒంటరి ఆడవాళ్లు అన్న మాట దగ్గర ప్రతిసారీ నా చెయ్యి ఆగేది. నా చెల్లెలు ఒంటరి ఆడదే. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మొగుణ్ని వదిలేసి వచ్చింది. ఎందుకు వదిలేసిందని ఎవరైనా అడిగితే, "రిపోర్టులు కాన్ఫిడెన్షియల్" అంటుంది. ఆసుపత్రి మా వీధికి దగ్గర, అది ఉండే హాస్టలు మాత్రం ఊరికి అటు చివర. షిఫ్టు అయ్యాక రెండు బస్సులు మారి వెళ్లి, మరో ఇద్దరితో పంచుకున్న గదిలో, ఒకమ్మాయి ఫోన్లో మాట్లాడుతుంటే, ఇంకొకమ్మాయి జుట్టు ఆరబెట్టుకుంటుంటే పడుకుంటుంది. ఒక వేసవిలో బ్యాంకాయన ఇంట్లో పై వాటా ఖాళీ అయింది. చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఇల్లంతా చూపించాడు, కిటికీలు తెరిచి గాలి ఎటునుంచి వస్తుందో కూడా చెప్పాడు. చివర్లో "అమ్మాయికి మగదిక్కెవరు?" అన్నాడు. "బల్బు మార్చడానికా అండీ? నేనే మారుస్తాను" అంది మా చెల్లెలు. అంతటితో ఆ ఇల్లు పోయింది. సాయంత్రం ఆయనే మా ఇంటికొచ్చి, "మన పిల్లే అనుకోండి, అయినా రూలు రూలే కదా" అన్నాడు. మా ఆయన "అవునవును" అన్నారు. అలా మా వీధిలో మరి రెండు ఇళ్లు అడిగాం. ఒకచోట ఫ్యామిలీకే ఇస్తామన్నారు. ఇంకోచోట ఏమీ అనలేదు, ఫోన్ ఎత్తడం మానేశారు.

మా ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా అంటే, దానికి జవాబు అత్తయ్య ఎప్పుడో చెప్పేసింది. "చుట్టంగా వస్తే నెత్తిన పెట్టుకుంటాం. ఉండిపోతానంటే మాత్రం మా ఇంటి పద్ధతి కాదు."

మొన్న చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, మీ వీధి చివర కట్టేవాటిలో ఒకటి నాకిమ్మని అడుగుదామనుకుంటున్నా. బిల్డరు ఆఫీసులో కనుక్కున్నాను. జీతం చీటీ చూపిస్తే చాలట, మొగుణ్ని చూపించక్కర్లేదట" అంది.

"ముందు అవి కట్టాలి కదే."

"అదేగా! ఆపుతున్నది మా బావగారు, ఆపే మంత్రాలు రాస్తున్నది మా అక్క. నా గృహప్రవేశానికి మీ ఇద్దర్నీ ముందు వరసలో కూర్చోబెడతాను."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూరగాయల కత్తి ఎక్కడ పెట్టానో తెలియలేదు. చేతిలోనే ఉంది.

అంతకుముందు జరిగిన సభలో మునిసిపాలిటీ అధికారి, "ఆడవాళ్లు ఒక్కరూ రాలేదేమండీ? వాళ్లు ఆ వీధిలో ఉండరా?" అని అడిగాడట. సంఘానికి చురుక్కుమంది. ఈసారి అభ్యంతరాలను ఒక స్త్రీ చేత చదివించాలని తీర్మానించారు. ఏ స్త్రీ అన్న ప్రశ్నే రాలేదు. చదువుకున్నది, చేతిరాత బాగుంది, కార్యదర్శి భార్య, ఎదురు చెప్పదు. బ్యాంకాయన "మన చెల్లెమ్మ ఉండగా వేరే ఎవరెందుకు?" అన్నాడు. నేనప్పుడు వంటగదిలో ఉన్నాను. నన్నెన్నుకున్నారన్న సంగతి, ఇంకో రెండు కప్పులు టీ కావాలన్న కేకతో కలిసి నా దగ్గరికి వచ్చింది.

ఆ ఆదివారం టిఫిన్లయ్యాక మా ఆయన నా చేత రిహార్సలు చేయించడానికి కూర్చున్నారు. నేను రాసిన సాపు ప్రతే నా చేతికిచ్చి, "నిదానంగా, గట్టిగా చదువు" అన్నారు. అత్తయ్య మంచం మీద నుంచి శ్రోత. మొదలుపెట్టాను. "మన వీధిలో ఇప్పటికే నీటి ఎద్దడి ఉన్నది. మన ప్రశాంతతకు..."

"ఆగాగు. మన వీధేమిటి? నేను మా వీధి అని చెప్తే నువ్వు మన అని రాశావా?"

చూశాను. నిజమే, కాగితమంతా మన అనే రాశాను. తప్పు నాదే, అదీ చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పు.

"ఎదురుగా కూర్చునేది ఆఫీసరు. ఆయనేమన్నా మన వీధివాడా? మన అంటే ఆయనా వచ్చేస్తాడు, ఆ బిల్డరూ వచ్చేస్తాడు. మా అనాలి, మేము అనాలి. తెలుగు బీఏ చదివావు, మనకీ మాకీ తేడా తెలీదూ?"

"పొద్దుటి నుంచీ ధ్యాస ఇక్కడ లేదు దానికి" అంది అత్తయ్య.

పెన్ను తీసుకుని ఒక్కొక్క మన కొట్టేసి పైన మా అని దిద్దడం మొదలుపెట్టాను. కాలేజీలో మా మేడం ఈ పాఠం చెప్పిన తీరు గుర్తుంది. మనం అంటే వినేవాడు కూడా లోపల ఉంటాడు. మేము అంటే వినేవాడు గడప బయట ఉంటాడు. ఇంత చిన్న మాటతో తలుపు తియ్యొచ్చు, తలుపు వెయ్యొచ్చు. అప్పుడు పరీక్ష కోసం చదివాను. ఇప్పుడు దిద్దుతూ దిద్దుతూ, ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా నాతో ఎవరు ఏ మాట వాడారా అని ఆలోచించాను. ఆలోచించాల్సిన పని కూడా లేదు, అన్నీ వాటంతటవే వరస కట్టాయి. "మన గిన్నెలింకా తోమలేదా?" "మన ఇంటికి చుట్టాలొస్తున్నారు, తొందరగా లే." "మన అమ్మకి ఒంట్లో బాగాలేదు, సెలవు పెట్టడం కాదు, ఆ ట్యూషన్ సెంటరు ఉద్యోగమే మానెయ్." ఇవన్నీ మన. ఇక "మా ఇంట్లో ఈ అలవాటు లేదు", "మా అబ్బాయి కష్టార్జితం", "మా స్థలం సంగతి నీకెందుకు", "మా వాళ్లతో మేం మాట్లాడుకుంటాం." పని ఉన్నచోటల్లా మన. హక్కు ఉన్నచోటల్లా మా. నా ఎదురుగా నిలబడి, నాతోనే మాట్లాడుతూ, నన్ను గడప బయట నిలబెట్టిన మాట అది. నేను అందులో ఉన్నాననుకుని ఇన్నాళ్లూ గడప లోపలంతా తుడిచాను.

రేపు అదే మాట నా నోటితో చెప్పించాలని చూస్తున్నారు. ఒంటరి ఆడవాళ్లు మా వీధికి వద్దని చెప్పే ఆ "మేము"లో నన్ను ముందు నిలబెట్టి, నా చెల్లెల్ని గేటు బయట నిలబెట్టాలని చూస్తున్నారు.

"అయిందా దిద్దడం?" అన్నారు ఆయన.

"అయిందండీ" అన్నాను. నిజంగానే అయింది.

వంట ముగించాను. భోజనాల దగ్గర ఆయన హుషారుగా ఉన్నారు. సభలో ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో, బిల్డరు తరపు లాయరు ఏమడుగుతాడో చెబుతున్నారు. "నువ్వు చివర్లో లేస్తావు. ఆ మేడ సంగతి చదివేటప్పుడు కొంచెం గొంతు వణికించు, బాగుంటుంది" అన్నారు. నేను కూర వడ్డిస్తున్నాను. గిన్నె బల్ల మీద పెట్టేశాను, చేతులు ఖాళీగా ఉండాలనిపించింది.

"రేపు నేనా కాగితం చదవనండీ."

"భయమా? అలవాటైపోతుందిలే."

"భయం కాదు. సభకు వస్తాను, లేచి మాట్లాడతాను కూడా. నీళ్లకీ మురుగుకీ ముందు దారి చూపించమంటాను. చూపించాక అపార్ట్‌మెంట్లు కట్టనివ్వమంటాను. వాటిలో ఒకటి నా చెల్లెలికి కావాలి, ఈ వీధిలో దానికి ఎవరూ ఇల్లివ్వలేదు అని చెబుతాను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "తమాషా చేస్తున్నావా?"

"లేదండీ."

"అందరి ముందూ? నా పక్కన కూర్చుని, నాకు ఎదురుగా?"

"మీ పక్కన ఇబ్బందనుకుంటే వెనక వరసలో కూర్చుంటాను."

"చూశావా అమ్మా, చూశావా? నీ కోడలు నన్ను వీధిలో పెడతానంటోంది!"

అత్తయ్య వైపు చూశాను. మా ఇంటి పద్ధతి ఇప్పుడొస్తుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా ముద్ద మింగి, మంచినీళ్లు తాగి, కొడుకునీ నన్నూ కాకుండా మధ్యలో ఉన్న కూరగిన్నెను అడిగినట్టు అడిగింది.

"ఆ కట్టేవాటికి లిఫ్టుంటుందా?"

"ఉంటుందత్తయ్యా."

"అంటే పైదాకా వెళ్లొచ్చన్నమాట, ఎక్కకుండా" అంది, తనలో తాను.

"అమ్మా!" అన్నారాయన. కుర్చీ వెనక్కి నెట్టి, మళ్లీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఈసారి గొంతు తగ్గింది. అది కోపంలా లేదు, ఏదో లెక్క తప్పినవాడి గొంతులా ఉంది. "సెక్రటరీ ఇంట్లోనే ఒక మాట లేదని నవ్వరూ నలుగురూ? ఇన్నేళ్లలో ఈ ఇల్లు ఎప్పుడైనా రెండు మాటలు మాట్లాడిందా?"

"లేదండీ" అన్నాను. "కానీ ఇన్నాళ్లూ ఉన్నది ఒక మాట కాదు. ఒకరి మాట."