వాలు

విదేశీ కంపెనీ పెట్టుబడి పెట్టగానే నగరం నడుమనున్న పాత ఫ్యాక్టరీకి తాళం పడింది. మిషన్లన్నీ ఎయిర్‌పోర్టు పక్కనున్న కొత్త షెడ్డుకు చేరాయి. కాగితాల మీద ఆ చోటు బ్రహ్మాండం. పనివాళ్ల ఇళ్లకు ఎంత దూరమో మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. లేత్ మీద ఇనుప కడ్డీలు నున్నగా తీసే టర్నర్‌కు రెండు బస్సులు, రెండు గంటలు.

కొత్త చోట అతని లేత్ మొండికేసింది. కడ్డీ ఒక కొన లావుగా, ఇంకో కొన సన్నగా వస్తోంది. విదేశీ ఇంజనీర్లు మూడు రోజులు తలలు బద్దలుకొట్టుకున్నారు. నాలుగో రోజు ఒళ్లు మండి, టర్నర్ లేత్ కాలి కింద చిన్న రేకు ముక్క దూర్చాడు. కడ్డీ చక్కగా వచ్చింది.

"మిషన్‌కేం రోగం లేదు సార్," అన్నాడు మేనేజర్‌తో. "పాత షెడ్డులో నేల ఓ పక్కకి వాలి ఉండేది. ఇరవై ఏళ్లుగా దానికే అలవాటుపడిపోయింది. మీ నేల మరీ చదును."

ఇంటికొచ్చి ఆ గొప్ప చెబుతూనే గదంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కూర్చోడు, తినడు. షెడ్డు మారినప్పటి నుంచీ ఇదే వరస. కంచం పట్టుకుని నిలబడ్డ భార్య విసిగిపోయింది.

"దాని కాలి కింద రేకు పెట్టొచ్చారు, బాగానే ఉంది. మీ కాలి కింద ఏం పెట్టమంటారు?"