అరడుగు పోనీ

నేను ఒక కొలత టేపును. ఈ భూమండలం మీద సత్యమనేది ఇంకా ఎక్కడైనా మిగిలి ఉన్నదంటే, అది ఈ గోడకూ ఆ గోడకూ నడుమ నన్ను బిగించి పట్టినంత సేపే ఉంటుందనీ, నన్ను చుట్టేసి మనిషి కాగితం తీసిన మరుక్షణం అంతరిస్తుందనీ ముందుగా లోకానికి విన్నవించుకుంటున్నాను.

నా జననం సామాన్యమైనది కాదు. గాజునారకు పసుపుపచ్చని పూత పూసి, వంద అడుగుల పొడవునా అంగుళం అంగుళానికీ నల్లని అంకెలు అచ్చొత్తి, కొసకు ఇత్తడి కొక్కెం తొడిగి, గుండ్రని తోలుపెట్టెలో నన్ను ప్రతిష్ఠించారు. చక్రవర్తుల బిరుదులు కూడా ఇంత పొడవు ఉండవు. అటువంటి నేను కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో, కుళాయిలకూ తలుపు బందులకూ నడుమ మూడు నెలలు పడి ఉన్నాను. చివరకు తటవర్తి సదాశివం అనే సర్వేయరు నన్ను కొని సంచిలో వేసుకున్నాడు.

ఇళ్ళకూ దుకాణాలకూ విస్తీర్ణం కొలిచి కాగితం ఇవ్వడం అతని వృత్తి. ఆ సంచిలో ఉండి నేను నేర్చిన శాస్త్రం చిన్నదేమీ కాదు. మనిషి కాలు పెట్టగలిగిన నేల కార్పెట్ ఏరియా. ఆ ఇళ్ళలో నేను చాపలు చూశానే గాని కార్పెట్ చూసిన పాపాన పోలేదు. దానికి గోడల మందం కలిపితే ప్లింత్ ఏరియా. అటు పిమ్మట మెట్లు, వరండా, వాచ్‌మన్ కూర్చునే చోటు, ఇంకా రాని లిఫ్టు అన్నీ తెచ్చి, తలా ఇంత పంచి కలిపితే సూపర్ బిల్టప్. గోడ లోపలి ఇటుకలను కూడా నివాసయోగ్యమని మనిషికి అంటగట్టవచ్చునని కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, అతని విగ్రహం ఏ కూడలిలోనూ లేకపోవడం కృతఘ్నత.

నేను కొలువులో చేరిన రెండో ఏట ఒక బట్టల దుకాణం షట్టరు నా కొస మీద పడింది. చిన్న ప్రమాదం. కొక్కెం మళ్ళీ బిగించారు. దాని గురించి ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

చెప్పవలసినది సదాశివం పిరికితనం గురించి. ఆ రోజుల్లోనే అతనికొక జబ్బు పట్టుకుంది. నేను నిండు గొంతుతో ఇరవై అని ప్రకటిస్తే, "అరడుగు పోనీ" అని గొణిగి పందొమ్మిదిన్నర రాసేవాడు. పది అంటే తొమ్మిదిన్నర. ప్రతి గోడ దగ్గరా అదే మంత్రం. నా మాటలో అరడుగు కోసేయడానికి ఇతనికి ఏం అధికారం? మనుషులలో కొందరు అబద్ధం ఆడి చెడతారు, కొందరు నిజాన్ని నమ్మే ధైర్యం లేక చెడతారు. నా యజమాని రెండో జాతి అని తీర్మానించి, పదకొండేళ్ళు అతన్ని మనసారా అసహ్యించుకున్నాను.

ఆ జబ్బు ఒక ఆడమనిషి బతుకు మీదికి వచ్చింది. గరికిన నూకరత్నం జగన్నాథపురంలో ఇంటి అరుగు మీద జాకెట్లు కుట్టేది. కుట్టుశిక్షణ కేంద్రం పెడితే పది మిషన్లు ఇస్తామని ప్రభుత్వం వారు మంజూరు చేశారు. షరతు ఒకటే: గది లోపలి కొలత మూడువందల చదరపు అడుగులకు తగ్గరాదు. ఆమెకు అందే అద్దెలో ఊరంతటికీ దొరికిన గది ఒక్కటే, చల్లా కామేశం గారి కాంప్లెక్సులో మొదటి అంతస్తుది.

"నాలుగువందల ఇరవై అడుగులమ్మా. కళ్ళు మూసుకుని తీసేసుకో" అన్నాడు కామేశం.

"కళ్ళు మూసుకుంటే పెద్దదిగానే ఉంటదండి" అంది నూకరత్నం.

సదాశివం నన్ను పరిచాడు. పొడవు ఇరవై అన్నాను. వెడల్పు పదిహేనున్నర అన్నాను. అతను రెండుసార్లూ మంత్రం చదివి, పందొమ్మిదిన్నరనూ పదిహేనునూ గుణించి, రెండువందల తొంభై రెండున్నర అని తేల్చాడు.

"ఏడున్నర తక్కువమ్మా."

"ఏడున్నరంటే ఏపాటండి మేస్టారూ?"

"ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకునేంత."

"నేను పడుకోనండి. కుట్టుకుంటాను."

కామేశం కలగజేసుకున్నాడు. "మెట్లలో సగం కలపండి సార్. లిఫ్టులో ఒక ముక్క."

"లిఫ్టేదీ?"

"గొయ్యి ఉంది గదండి."

"గోతిలో మిషను పెట్టుకోమంటావా?" అని సదాశివం కాగితం మీద సంతకం పెట్టాడు. నూకరత్నం దాన్ని నాలుగు మడతలు పెట్టి, మెట్లు దిగింది. దరఖాస్తు తిరిగి వచ్చింది. నెలలోగా మళ్ళీ కొలిపించుకోవచ్చని, ఆ తరువాత మిషన్లు ఇంకొకరికి పోతాయని దాని మీద రాసి ఉంది.

ఈలోగా సదాశివం కంటి శుక్లాలు తీయించుకుని ఇంట్లో కూర్చున్నాడు. నన్ను ఆఫీసులో కొత్తగా చేరిన భానుకిరణ్‌కు అప్పగిస్తూ, "దీన్ని వాడితే మాత్రం అరడుగు మర్చిపోకు నాయనా" అని బతిమాలాడు. భానుకిరణ్ టీ కొట్టు దగ్గర నవ్వాడు: "పాపం, పెద్దాయనకి శుక్లాల వల్ల ప్రపంచమంతా అరడుగు ఎక్కువ కనిపించేదంట్రా." అతనికి ఎర్రని కాంతి చిమ్మే అగ్గిపెట్టె ఒకటి ఉండేది, దానితోనే కొలిచేవాడు. అటువంటి యంత్రాల గురించి మాట్లాడడం నా స్థాయికి తగదు.

నూకరత్నం గదికి రెండోసారి వెళ్ళిన నాడు ఆ అగ్గిపెట్టెకు బ్యాటరీ అయిపోయింది. దైవం ఉన్నాడు. సంచి అడుగు నుంచి నన్ను తీశారు. ఆ కొస పట్టుకోవడానికి మరెవరూ లేక నూకరత్నమే కొక్కెం అందుకుని గోడకు ఆనించింది. ఆనిస్తూ తన వేళ్ళ కింద నన్ను చాలాసేపు చూసింది. నా వైభవానికి చేష్టలుడిగిందనుకున్నాను.

"గట్టిగా పట్టుకోమ్మా. ఇరవై."

ఆమె తలెత్తలేదు. వెడల్పు కూడా లాగారు.

"పదిహేనున్నర. మూడువందల పది వచ్చింది."

"సరిగ్గా చూశారాండి, బాబూ?" అంది నూకరత్నం, కొక్కెం మీది వేళ్ళు తీయకుండా.

"మనుషులు ఆడతారు గానీ టేపు అబద్ధం ఆడదమ్మా."

పదకొండేళ్ళలో నా గురించి ఒక మనిషి పలికిన మొదటి న్యాయమైన మాట అది. నేను ఆ ఆనందంలో ఉండగానే భానుకిరణ్ నన్ను చుట్టకుండా కిటికీ గట్టు మీద వదిలేసి వెళ్ళిపోయాడు. ఆమె కబురు చేస్తే, "ఉంచుకోమ్మా, దాంతో మాకిక పనేంటి" అన్నాడు. నా న్యాయమూర్తి కూడా చివరకు మనిషే.

మిషన్లు వచ్చాయి. పదీ పట్టాయి. మంచినీళ్ళ కుండకూ, ఒక బల్లకూ కూడా చోటు మిగిలింది. నన్ను గోడకు మేకు కొట్టి, తలుపుకు ఎదురుగా తగిలించారు. మొదటి పాఠం నాడు పదిమంది ఆడపిల్లల ముందు నూకరత్నం నన్ను భక్తిగా కిందికి దించింది. పిరికివాడి చేతిలో పదకొండేళ్ళు అణగిపోయిన సత్యం తన చేతిలో ఎలా గెలిచిందో చెబుతుందని నేను నిటారుగా సాగాను.

"గుడ్డ మీద కత్తెర పెట్టేముందు టేపు మొదలు చూసుకోవాలే" అంది ఆమె, నా కొసను వాళ్ళ కళ్ళ ముందుకు చాపుతూ. "మొదలు చూడకుండా అంకె చదివితే జాకెట్టు పట్టదు. ఇదిగో, దీన్ని చూడండి."

నామీద మొట్టమొదటి అంకె ఏడు.