వానాకాలపు బాన

పున్నమ్మ ఇంట్లో అగ్గిపుల్ల గీసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. పొద్దున్నే ఎవరింట్లో పొయ్యి రాజుకుంటే ఆ ఇంటికి పిడక పట్టుకు వెళ్లి నిప్పు తెచ్చుకునేది. కట్టెలు కొనే రోజులు పోయాయని మిల్లు వెనక పారబోసే ఊక గోనెలకెత్తి తెచ్చి, ఊకపొయ్యి మీద వండేది. కూరగాయల తొక్కు పచ్చడయ్యేది. చినిగిన చీర దుప్పటయ్యేది, దుప్పటి చినిగితే వత్తులయ్యేది. యుద్ధం మొదలై నాలుగో ఏడు. బర్మా బియ్యం ఆగిపోయి, బెజవాడలో కంట్రోలు షాపులు వెలిశాక, అన్నం వార్చిన గంజి మగ్గం ఎక్కే పడుగు నూలుకి పట్టించడం కూడా మానిపించింది. "గంజి మనిషి తాగాలి. దారానికి చింతపిక్కలు చాలు" అని, పిక్కలు వేయించి దంచి, ఆ పిండిని ఉడకేసి గంజి కాచడం పటమట నేతగాళ్ల వీధికంతా నేర్పింది.

నేతగాడికి అసలు గండం వానాకాలం. వీధి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పట్టించి, ఎండబెడితే గాని అది మగ్గం ఎక్కదు. వాన పట్టిందంటే వీధీ ఉండదు, ఎండా ఉండదు. ఆషాఢ శ్రావణాలు రెండు నెలలూ మగ్గం కింద కాళ్లాడించే గుంటల్లో నీళ్లూరుతుంటే మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఆకాశం వంక చూసేవాళ్లు. నూలు వ్యాపారి వెంకటప్పయ్య వాళ్ల వంక చూసేవాడు. ఆకలి ముదిరాక బస్తా విప్పి ఇంటికింత బియ్యం పోసేవాడు. ఆ బియ్యం తిన్న పాపానికి దీపావళి వెళ్లేదాకా అతను చెప్పిన రేటుకే నేయాలి, అతనికే ఇవ్వాలి.

ఆ ఏడు ఉగాది వెళ్లగానే పున్నమ్మ ఆడవాళ్లని పోగేసింది.

"ఎసట్లో పోసే ముందు పిడికెడు వెనక్కి తియ్యండి. రోజుకి పిడికెడే. వాన పట్టేదాకా దాని మొహం చూడొద్దు" అంది.

"ఉన్నదే పిడికెడు పున్నమ్మా" అంది ఒకావిడ.

"అందుకే. రెండు పిడికెళ్లుంటే నేను చెప్పేదాన్ని కాదు."

వీధికంతా పెద్దది వెంకటరావమ్మ ముందుగా కొంగు విప్పి ఒక పిడికెడు పోసింది. ఆవిడ కోడలు సుబ్బరత్నం మూతి ముడుచుకుంటూనే పోసింది. అలా పన్నెండిళ్లు కలిశాయి. పున్నమ్మ ఇంట్లో మగ్గం వెనక పెద్ద మట్టిబాన పెట్టి, దాని మూతికి గుడ్డ కట్టారు. ముడి వేసేదీ విప్పేదీ వెంకటరావమ్మే. రోజూ పొద్దున బాన పక్కన చతికిలబడి, ఎవరి పిడికెడు చిన్నదో చూసి తిడుతూ ఉండేది.

చైత్రం చివర్లో ఓ సాయంత్రం పున్నమ్మ మొగుడు సత్యం నూలు కోసం బెజవాడ వెళ్లి, పొద్దస్తమానం క్యూలో నిలబడి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆవిడ గంజి పెట్టింది. అతను గంజి వంక చూశాడు, బాన వంక చూశాడు. లేచి వెళ్లి ముడి విప్పసాగాడు.

"ముట్టుకోకు" అంది పున్నమ్మ.

"ఒక్క సోలెడు. కడుపులో పేగులు మెలిపడుతున్నాయే."

ఇత్తడి గరిటె అతని మణికట్టు మీద పడింది. సత్యం అరిచి, రెండో చేత్తో ఆవిడ చెంప ఛెళ్లుమనిపించాడు. పెదవి పంటికి కోసుకుపోయి, నెత్తురు గంజిగిన్నెలో చుక్కలు చుక్కలుగా పడింది.

"కొట్టు. ఇంకోటి కొట్టు. బాన మాత్రం ముట్టుకోకు. అది నీదీ కాదు, నాదీ కాదు" అందావిడ నోరు తుడుచుకోకుండానే.

సత్యం కూలబడ్డాడు. కాసేపటికి తనే లేచి వదులైన ముడి బిగించబోయాడు గాని, వాచిన చెయ్యి మాట వినలేదు. ఆ పూట ఆ గంజి ఇద్దరూ తాగారు. 

బాన సంగతి వెంకటప్పయ్య చెవిన పడటానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నూలు కోసం వచ్చిన సత్యాన్ని పిలిచి, "మీ ఆవిడ బియ్యం కొట్టు పెట్టిందటగా? రేపు వానాకాలంలో నా మొహం చూడక్కర్లేదన్నమాట" అని నవ్వాడు. సత్యం ఆ మాట ఇంట్లో చెబితే పున్నమ్మ, "ఆ మొహం చూడకుండా ఉండటానికేగా" అని ఊరుకుంది.

జ్యేష్ఠంలో ఒక ఉదయం, కంట్రోలు డిపోలో నూలు బేళ్లు దిగాయని కబురొచ్చింది. వీధిలో మగవాళ్లంతా బెజవాడ పరిగెత్తారు. ఆ కబురు పుట్టించింది వెంకటప్పయ్యేనని తర్వాత తెలిసింది. వాళ్లు వెళ్లిన గంటకి ముగ్గురు మనుషులు దుడ్డుకర్రలతో వీధిలోకి వచ్చారు. ముందున్నవాడు చౌడయ్య. ఒకప్పుడు ఇదే వీధిలో నేసినవాడు. రెండేళ్ల కిందట మగ్గం అమ్ముకుని, వెంకటప్పయ్య గోడౌనులో కాపలాకి చేరాడు.

పున్నమ్మ వసారాలో పొయ్యి మీద చింతపిక్కల గంజి కాస్తోంది. చిక్కబడి కుతకుతా ఉడుకుతోంది.

"అక్కా, బాన బయటికి తియ్యి. దొంగ నిల్వని పట్టుకోమని ఆర్డరొచ్చింది" అన్నాడు చౌడయ్య.

"కాయితం చూపించు."

"కాయితం షాపులో ఉంది."

"అయితే బాన ఇక్కడే ఉంటుంది. పోయి కాయితం పట్రా."

చౌడయ్య ఆవిణ్ణి తోసుకుని లోపలికి వెళ్లాడు. తక్కిన ఇద్దరూ అతని వెనకే దూరారు. లోపల వెంకటరావమ్మ బానని రెండు చేతులా కావలించుకుని కూర్చుంది.

"ఒరే చౌడా! మీ అమ్మకి పాలు పడకపోతే నీకు జావ పోసిందాన్నిరా నేను. ఈ బియ్యం మీద చెయ్యేస్తావా?"

"లే, ముసలీ."

"లేవను."

జుట్టు పట్టుకుని లాగాడు. ఆవిడ వాడి చెయ్యి దొరకబుచ్చుకుని, నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ దిగేలా కొరికింది. చౌడయ్య కేక పెట్టి కర్ర ఎత్తాడు. కొట్టాలనే ఎత్తాడో, బెదిరించాలనే ఎత్తాడో ఆ తర్వాత కోర్టులో ఎంతమంది అడిగినా వాడే చెప్పలేకపోయాడు. కర్ర మాత్రం దిగింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది. వెంకటరావమ్మ బాన మీదికి ఒరిగి, నెమ్మదిగా పక్కకి జారిపోయింది. తెల్లజుట్టు మధ్యనుంచి నెత్తురు చెవి మీదుగా కారి, మూతిగుడ్డని తడిపింది.

"అత్తా!" అంటూ సుబ్బరత్నం పరిగెత్తుకొచ్చింది. రెండోవాడు ఆమె కడుపులో తన్నాడు. ఆమె గుమ్మానికి కొట్టుకుని ముడుచుకుపోయింది.

ఇదంతా పున్నమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.  వెనక్కి తిరిగి, పొయ్యి మీద కుతకుతలాడుతున్న ఇత్తడి గిన్నెని గుడ్డ కూడా లేకుండా ఉత్త చేతులతో ఎత్తింది. అరచేతులు కాలుతున్న సంగతి ఆవిడకి తెలియలేదు. చౌడయ్య బాన ఎత్తుకుని గుమ్మం వైపు తిరిగాడు. ఆవిడ గిన్నెడు గంజీ వాడి మొహాన కుమ్మరించింది.

మరిగే నీళ్లయితే కారిపోతాయి. చింతపిక్కల గంజి కారదు. అంటుకుపోతుంది. చౌడయ్య బాన జారవిడిచి, రెండు చేతులా మొహం గీరుకున్నాడు. గంజితో పాటు చర్మం చేతిలోకి వచ్చింది. వాడు వేసిన కేకకి వీధి చివర కట్టేసిన గేదెలు పలుపులు తెంపుకున్నాయి. బాన మగ్గం గుంట అంచున పడి నిలువునా చీలింది. బియ్యం గుంటలోకి ధార కట్టింది.

అప్పటికి ఆడవాళ్లు రోకళ్లు పట్టుకుని వచ్చేశారు. సుబ్బరత్నాన్ని తన్నినవాడు పారిపోబోతే మోకాలి మీద ఒక్క దెబ్బ పడింది. ఆ కాలు ఇక సాగలేదు. మూడోవాడు కాలు జారి గుంటలో బియ్యం మీదే పడ్డాడు. పైనుంచి నలుగురు నిలబడి దంచారు. ధాన్యం దంచినట్టే, ఒకరి తర్వాత ఒకరు, వరస తప్పకుండా. వాడు మొదట తిట్టాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత నోరెత్తలేదు. "చాలు, చస్తాడు" అని పున్నమ్మ అరిస్తే గాని రోకళ్లు ఆగలేదు.

వాళ్లని వీధి బయటికి ఈడ్చేశాక పున్నమ్మ తన చేతులు చూసుకుంది. అరచేతుల తోలు గిన్నెకే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి ఆడవాళ్లు గుంటలోంచి బియ్యం ఏరారు. నెత్తురంటిన గింజలు వేరుగా తీసి కడిగారు. ఏ ఒక్కరూ పారబొయ్యమనలేదు.

వెంకటరావమ్మ మూడో రోజు పొద్దున పోయింది. 

ఆవిణ్ణి సాగనంపి వచ్చిన మగవాళ్లు స్నానాలు చేసి, కర్రలు తీశారు. సత్యం ముందు, వెనక ఐదుగురు. చౌడయ్య గుడిసె బందరు కాలువ గట్టున ఉంది. వెంకటప్పయ్య వాణ్ణి ఆస్పత్రికి కూడా పంపకుండా గుడిసె ముందు దింపించి చేతులు దులుపుకున్నాడు. అరిటాకు మీద పడుకోబెట్టి, వాడి పెళ్లాం పద్మావతమ్మ ఈగలు తోలుతోంది. మగవాళ్లని చూడగానే కత్తిపీట పట్టుకుని అడ్డం నిలబడింది.

సత్యం కర్రతో ఆమె చెయ్యి మీద కొట్టాడు. కత్తిపీట ఎగిరి పడింది. ఇద్దరు చౌడయ్యని కాళ్లు పట్టి గట్టు మీదికి ఈడ్చారు. మొహానికి వేసిన ఆకులు రాలిపోయాయి. ఒక కన్ను ఉన్నచోట ఉడికిన గుడ్డు తెల్లసొనలాంటిదేదో ఉంది.

"ఆగండి" అంది వెనకనించి పున్నమ్మ. చేతులకి గుడ్డలు చుట్టుకుని రొప్పుకుంటూ వచ్చింది.

"ముసలమ్మని చంపాడే వీడు!" అన్నాడు సత్యం.

"చంపాడు. నేనూ వాణ్ణి ఊరికే వదల్లేదు. ఆ మొహం చూడు." తనూ చూసింది.  వచ్చి సత్యం కర్రకి ఎదురుగా నిలబడింది. "చంపితే ఆరుగురూ జైలుకి పోతారు. ఆరు మగ్గాలు ఆగుతాయి. ఆరు కొంపల్లో మేమేం తినాలి? గింజ గింజా దాచుకున్నదాన్ని, మనుషుల్ని మాత్రం గంపకెత్తి పారబోసుకోమంటావా?"

సత్యం కర్ర దించాడు గాని, ఆ వేడి ఎక్కడికి పోతుంది? అక్కణ్ణించి తిన్నగా వెంకటప్పయ్య షాపు మీద పడ్డారు. తలుపులు బద్దలు కొట్టారు, అడ్డొచ్చిన గుమాస్తా పళ్లు రాలగొట్టారు. లోపల ఒక్క నూలు చిలప కూడా లేదు. ముందురోజే ఎటో తరలించేశాడు.

కేసులు నడిచాయి. చౌడయ్యకి రెండేళ్లు పడింది. వెంకటప్పయ్య, "నేను పంపలేదు, వాళ్లకీ వాళ్లకీ పాత తగాదా" అన్నాడు. చౌడయ్యతో వచ్చిన ఇద్దరూ ఆ మాటకే తల ఊపారు. సత్యానికీ మరొకడికీ షాపు మీద పడ్డందుకు మూడేసి నెలలు. తక్కిన నలుగురూ జరిమానాతో బయటపడ్డారు. ఆడవాళ్ల మీద కేసు నిలవలేదు.

ఆషాఢంలో వాన పట్టింది. ఏరి దాచిన బియ్యాన్ని పన్నెండు వాటాలు వేశారు. కష్టంగా, నూకల జావతో, తోటకూర కాడలతో, ఆ వీధి రెండు నెలలూ నెట్టుకొచ్చింది. ఏ ఒక్క ఇంటినించీ వెంకటప్పయ్య గుమ్మానికి మనిషి వెళ్లలేదు.

శ్రావణంలో ఒకరోజు వాన జోరుగా పడుతుంటే పద్మావతమ్మ వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు గోనెసంచులు కప్పుకుని ఆమె వెనక నిలబడ్డారు. పున్నమ్మ వసారాలోకి రాగానే పద్మావతమ్మ ఏమీ అనకుండా, చేతిలోని రాయి విసిరింది. కనుబొమ్మ పగిలి, పున్నమ్మ ఒక కంటికి లోకమంతా ఎర్రబడింది. ఎదురింటినించి సుబ్బరత్నం రోకలి పట్టుకుని వాన్లోకి దూకింది.

"ఆగు సుబ్బరత్నం. అది నాకూ దానికీ మధ్య" అంది పున్నమ్మ.

పద్మావతమ్మ ఇంకో రాయి కోసం వంగలేదు. వంగే ఓపిక లేదు. గుంజ పట్టుకుని నిలబడింది. చిన్నపిల్ల తలుపు సందులోంచి లోపలి పొయ్యి వంక చూస్తోంది.

పున్నమ్మ లోపలికి వెళ్లింది. వేళ్లు ఇంకా సరిగా ముడుచుకోవు. చేటని మోచేతులతో పట్టుకుని, తన వాటా బియ్యంలో సగం తెచ్చి వసారా అంచున పెట్టింది.  పద్మావతమ్మ పెద్దపిల్ల గోనె అందుకుని, అందులో పోసుకుంది. "మా ఇంటాయన రానీ, నీ అంతు చూస్తాడు" అని, పిల్లల్ని తోలుకుని వెళ్లిపోయింది.

సుబ్బరత్నం వాన్లోనే నిలబడి ఉంది.

"మా అత్త దేని కోసం చచ్చింది? ఆ ఇంటికి పొయ్యడానికా?"

"పోసింది నా వాటాలోంచి."

"నీ వాటా అయితే? ఆ బియ్యం మీద మా అత్త నెత్తురు లేదా?"

 పున్నమ్మ కనుబొమ్మ మీంచి కారుతున్నది మోచేత్తో తుడుచుకుంది.

"ఇవాళ్టినించీ నీకూ నాకూ మాటల్లేవు" అని సుబ్బరత్నం తలుపు వేసుకుంది.

అన్నంత పనీ చేసింది. చౌడయ్య విడుదలై వచ్చి, పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఇబ్రహీంపట్నం వైపు వలస పోయాడు. ఎవరి అంతూ చూడలేదు. యుద్ధం ముగిసింది. సత్యం అంతకుముందే తిరిగొచ్చి మళ్లీ మగ్గం ఎక్కాడు. సుబ్బరత్నం మాత్రం బావి దగ్గర ఎదురైనా తల తిప్పుకునే పోయేది. పున్నమ్మ కూడా బతిమాలలేదు. చేద పట్టలేని తన చేతుల వంక ఎవరూ చూడకుండా కొంగు కప్పుకుని, సుబ్బరత్నం తోడుకుని వెళ్లేదాకా, తనకి తోడిపోసే ఇంకొకరు వచ్చేదాకా పక్కన నిలబడి ఉండేది.