పది లెక్కపెట్టేదాకా

పరుపులు ఎండలో వేసి కర్రతో దులుపుతున్న అత్తగారు నాలుగు దెబ్బలకే ఆగిపోయి గోడ పట్టుకున్నారు. ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు. కోడలు పరుగున వచ్చి కర్ర అందుకోబోతే, "ఏం లేదే, కాస్త ఆయాసం. నాకు మామూలే" అన్నారు. వరండాలో మామగారు పేపరు దించకుండానే, "పని ఉన్నప్పుడే వస్తుందమ్మా మీ అత్తకి ఆయాసం" అని నవ్వారు.

కోడలు స్కూల్లో సైన్సు టీచరు. పెళ్లయి వచ్చిన రెండేళ్లుగా ఆ కూత వింటూనే ఉంది. ఆ ఊపిరితోనే అత్తగారు ముగ్గురు పిల్లల్ని పెంచారనీ, మంచానపడ్డ తన అత్తగారిని తొమ్మిదేళ్లు ఎత్తి దించారనీ, మెట్లెక్కుతూ ఆగాల్సి వచ్చినప్పుడల్లా చెప్పు సర్దుకుంటున్నట్టు నటించేవారనీ తెలిసేకొద్దీ జాలి పోయి గౌరవం కలిగింది. అలాంటి సగం ఊపిరితో తను ఒక్కరోజైనా నెట్టుకురాగలదా! ఆ శనివారం ఎవరినీ అడక్కుండా ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

గొట్టంలో ఊదించి చూసిన డాక్టరమ్మ, "ఉబ్బసం. ఎన్నాళ్లనుంచి?" అంది.

"నలభై ఏళ్లు."

"ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పేదేముందమ్మా, అందరికీ వినబడుతూనే ఉందిగా."

కోడలు తల వంచుకుంది. వినీ ఊరుకున్నవాళ్లలో తనూ ఉంది.

డాక్టరమ్మ రెండు ఇన్‌హేలర్లు రాసింది. ఒకటి ఊపిరిగొట్టాల వాపు తగ్గించేది. ఒంట్లో బాగున్నా సరే, రోజూ రెండుపూటలా పీల్చి నోరు పుక్కిలించాలి. రెండోది ఆయాసం వచ్చినప్పుడు. దానికీ తగ్గకపోతే క్షణం ఆలోచించకుండా ఆసుపత్రికి రావాలి.

"ఇవి వాడితే అలవాటైపోతుందంటారు కదా?"

"అలవాటైపోతుందని కళ్లజోడు మానేస్తామా పెద్దమ్మా?"

అత్తగారు ఫక్కున నవ్వారు.

ఇంటికొచ్చాక మామగారు, "ఈ వయసులో ఆ పంపు కొట్టుకోవడమేంటి? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు.

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "ఊపిరి పీలుస్తోందనుకుంటారు. దుమ్ము నాకు పడదట. ఇకనుంచి పరుపులు మీరు దులపండి."

మర్నాడు పొద్దున ఆవిడ మందు పీల్చి ఊపిరి బిగబట్టారు. పది లెక్కపెట్టాకే వదలాలి. సరిగ్గా అప్పుడే, "ఏమేవ్, నా తువ్వాలెక్కడ?" అని హాల్లోంచి కేక. తెచ్చివ్వబోయిన కోడల్ని ఆవిడ చేయి అడ్డుపెట్టి ఆపేశారు. కళ్లు మూసుకుని, వేళ్ల మీద నింపాదిగా లెక్కపెడుతున్నారు. ఆరు, ఏడు... రెండో కేక, మూడో కేక. ఆయన పిలిచిన వెంటనే ఆవిడ పలక్కపోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.