వాగు దాటని మాట

దసరా మర్నాడు భోజనాలయ్యాక జ్యోత్స్న చాప మీద కాగితాలు పరిచింది. హైదరాబాదులో ఆఫీసు స్నేహితులతో సెలవు రోజుల్లో ఆడే ఆట అది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులై, ఏం చేయదలచుకున్నారో నోటితో చెబుతారు. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

నిరుడు వానల్లో తమ్ముడు దేవ్‌సింగ్ బండితో సహా వాగులో కొట్టుకుపోయాడు. అప్పటినుంచి చండ్రుగొండ దగ్గరి తండాలో అమ్మానాన్నలు ఒకే ఇంట్లో చెరో మూల బతుకుతున్నారు. ఆట పేరు చెప్పయినా ఒక్కచోట కూర్చుంటారని జ్యోత్స్న ఆశ.

మేనమామ బాబూరావు కత్తి పట్టిన వీరుడయ్యాడు. తండ్రి చందూలాల్ మొహమాటంగా వేటగాడినన్నాడు. తల్లి చాంది చాలాసేపు ఆలోచించి, "నేను నా లెక్కనే ఉంట" అంది, ఏ వేషమూ వద్దని.

బాబూరావు ఎలుగుబంటితో కలబడి ఓడిపోతే చందూలాల్ కూడా నవ్వాడు. ఆ ఊపులో జ్యోత్స్న, ఎదురుగా వాగు నిండుగా పారుతోందని చెప్పేసింది. స్నేహితుల కోసం ఎప్పుడో అల్లుకున్న కథ. మాట జారాక గానీ తానేమందో తెలియలేదు.

"అవతల ఎవరున్నరు?" అని అడిగింది చాంది.

కథ ప్రకారం అక్కడ దొంగలుండాలి. జ్యోత్స్నకు ఆ మాట నోట రాలేదు. ఎవరో పిలగాడున్నాడంది.

"దాటొద్దని చెప్త. ఆడనే ఎవరింట్లనన్న పండుకోమని చెప్త."

పది దాటితే వినపడినట్టు. చాంది పాచిక వేసింది. నాలుగు పడింది.

"ఇనపడ్డది, యాడీ," అంది జ్యోత్స్న తల్లితో.

"నాలుగు పడ్డది బిడ్డా. నాకు అంకెలొస్తయ్." చాంది పాచిక వైపే చూస్తూ అంది. "ఆ పొద్దు గూడ గంతే. ఫోన్ జేసిన. రాకు కొడుకా, రాకు అని మొత్తుకున్న. వాన సప్పుడుల వాడు ఏందీ, ఏందీ అనుకుంటనే పెట్టేసిండు."

ఎవరికీ తెలియని సంగతి అది. ఒక్క ఫోన్ చేసుంటే పిల్లాడు ఆగేవాడు కదా అని చందూలాల్ ఈ ఏడాదిగా ఆమెను ఎన్నిసార్లు దెప్పాడో లెక్కలేదు. ఆమె ఒక్కనాడూ బదులు చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడతను.

"వాడు ఆఖరుకన్న మాట 'ఏందీ' అని. గదేం చెప్పాలె నీకు?"

బాబూరావు లేచి బయటికి వెళ్లిపోయాడు. చందూలాల్ చాప మీదే జరిగి, భార్య పక్కకు వచ్చి కూర్చున్నాడు. తప్పయిందని అనలేదు. వాడింకేమైనా అన్నాడా అని మెల్లగా అడిగాడు. లేదంది. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. ఆమె విసుక్కోకుండా మళ్లీ లేదనే చెప్పింది.