మూడోసారి అడగని కెప్టెన్

ఆ ఏప్రిల్‌లో మా నార్త్ డకోటాలో రెడ్ నది పొంగింది. ఇసుకబస్తాలు పేర్చడానికి జార్జియా రాష్ట్రం తన సైనికులను మా ఊరికి పంపింది. జీతాలు వాళ్ల రాష్ట్రానివి, పెత్తనం మా రాష్ట్రానిది. వాళ్లను ఏ వీధికి పంపాలో చెప్పే పని మా గవర్నరు తరఫున నా నెత్తిన పడింది. మా ఇంట్లో కుక్క కూడా నా మాట వినదు, నాకు సైన్యమట!

ఆ సైనికుల కెప్టెన్ ప్రూయిట్‌ను మొదట మా రాగ్నా వదిన ఇంటికే పంపాను. నీళ్లు పెరట్లోకి వచ్చేశాయి. అన్నయ్య పోయాక ఆమెకు మిగిలింది ఆ ఇల్లొక్కటే.

కాసేపటికే కెప్టెన్ తిరిగొచ్చాడు.

"సాయం అక్కర్లేదన్నారండీ ఆవిడ. పరాయి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లం, వద్దన్న గడప తొక్కితే మావాళ్లు నా తోలు వలుస్తారు."

"ఎన్నిసార్లు అడిగారు?"

"ఒక్కసారే. మా వైపు వద్దంటే వద్దనే."

తల పట్టుకున్నాను. మా వైపు ఎవరేం ఇవ్వబోయినా రెండుసార్లు వద్దని, మూడోసారి "మీరంతగా అంటుంటే సరే" అనాలి. ముందే ఒప్పుకుంటే ఆశపోతు అంటారు. ఈ సంగతి దారిలో చెబుతూ అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. వదిన బస్తా ఒకటి ఒంటరిగా ఈడుస్తోంది.

"సాయం చెయ్యమంటారా మేడమ్?"

"అయ్యో, మీకెందుకు శ్రమ! పక్కింటివాళ్లని చూడండి."

"రెండుసార్లు వద్దన్నారండీ, ఇంక నావల్ల కాదు," అని కెప్టెన్ సలాం కొట్టి ట్రక్కెక్కాడు.

"వదినా, ఆయన ఇంక అడగడు!" అన్నాను.

"నోర్మూసుకో ఆర్విడ్. అడుగుతాడులే."

ట్రక్కు కదిలింది. నీళ్లు వెనక మెట్టెక్కాయి. వదిన బస్తా వదిలేసి, బురదలో పరుగెత్తి, ట్రక్కు తలుపు దబదబా బాదింది.

"రండి! నాకు సాయం కావాలి!"

ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు. సిగ్గుతో ఆమె ముఖం బీట్‌రూటైంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి.

సాయంత్రానికి నీళ్లు సైనికులు పేర్చిన బస్తాల దగ్గరే ఆగిపోయాయి. వదిన వెన్న, పంచదార రాసిన లెఫ్సా రొట్టెలు పళ్లెం నిండా తెచ్చింది.

మా పద్ధతి నేర్చేసుకున్నాననుకున్న కెప్టెన్, "వద్దు మేడమ్, మీకెందుకు శ్రమ!" అన్నాడు.

"సరే అయితే," అని వదిన పళ్లెంతో వెనక్కి తిరిగింది. సైనికుల ముఖాలు వాడిపోయాయి.

"మేడమ్! కావాలండీ! అందరికీ కావాలి!" అంటూ కెప్టెన్ బురదలో పరుగెత్తాడు.

వదిన ఆగి, పళ్లెం అతని చేతిలో పెట్టింది.

"చూశారా బాబూ, అడగడం ఎంత కష్టమో!"