ఆఖరి చికోరీ పువ్వు

హోల్‌బెక్‌లో ఆదివారం ప్రార్థన ముగిశాక సగం ఊరు బీరు తాగడానికి పోతుంది, మిగతా సగం పోట్లాడుకోవడానికి పోతుంది. పోట్లాటకు చోటు పురపాలక హాలు. దానికి పెట్టుకున్న పేరు పిన్నుల సంఘం. పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో ఫ్రాన్సు మొత్తానికీ ఈ కోటు పిన్నుల పిచ్చి పట్టింది కాబట్టి మా ఉత్తరాది వాళ్ళని మాత్రమే అనడానికి లేదు. రొట్టెల కొట్టు వాళ్ళు పిన్ను వేయించారు, అగ్నిమాపక దళం వేయించింది, ఆఖరికి శవపేటికలు చేసేవాడు కూడా బొటనవేలి గోరంత ఎనామిల్ పిన్ను మీద నల్లపెట్టె బొమ్మ వేయించి ఊరంతా పంచాడు. జనం దాన్ని కూడా కోటుకు గుచ్చుకుని తిరిగారు.

హాల్లో పొడుగాటి బల్లలు, వాటి మీద ఆకుపచ్చ గుడ్డలు, ప్రతి మనిషి ముందూ ఒక వంటింటి త్రాసు. అక్కడి కట్టుబాటు పసిపిల్లలకు కూడా తెలుసు. కోటు మీద ఉన్న పిన్ను ఆ కోటు తొడుక్కున్నవాళ్ళది. బల్ల మీద పెడితే బేరానికి పెట్టినట్టు. కోటు విప్పి పక్కన పెట్టారా, దాన్ని ముందు ఎవరు తొడుక్కుంటే పిన్ను వాళ్ళది. అందుకే ఆగస్టు ఎండలో కూడా ఆ హాల్లో ఎవరూ కోటు విప్పరు. చెమటలు కక్కుకుంటూనే తిట్టుకుంటారు.

త్రాసులెందుకంటే, పిన్ను విలువ చెప్పేది బరువే. ఒకే అచ్చులో పోసిన పిన్నులు తోబుట్టువులు. వాటిలో ఒకటి చచ్చిపోతే, అంటే వెనకాల ఉన్న సూది విరిగిపోతే, దాని బరువు వెళ్ళి మిగిలినవాటి మీద పడుతుంది. దేశం ఆ చివర మార్సెయ్‌లో ఎవడో తలుపు సందులో పెట్టి ఒకటి విరగ్గొడితే హోల్‌బెక్‌లో త్రాసు ముల్లు కదులుతుంది. ముల్లు కదిలినవాడి ముఖం వెలుగుతుంది, పక్కవాడి ముఖం మాడిపోతుంది. ఆఖరికి ఒక్కటే మిగిలినప్పుడు మాత్రం ఈ కూడికలు పనిచేయవు. సంఘం కోశాధికారి, రొట్టెల కొట్టు మదాం వెర్మేష్ దగ్గర ఊరి బ్యాండు మేళం పిన్ను ఉంది. వేయించిందే గుప్పెడు. ఆఖరిది మిగిలిన రోజున అది ఆవిడ అల్మారా అరలన్నీ చీల్చుకుని నేలమాళిగలోకి దిగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. చూడాలనుకున్నవాళ్ళు మెట్లు దిగి వెళ్ళాలి తప్ప దాన్ని పైకి తెచ్చే మొనగాడు లేడు.

ఒకసారి లిల్ నగరం నుంచి ఒక కొత్తాయన వచ్చి అట్టపెట్టె తెరిచాడు.

“రెండు వందలే పోశారండీ. వెనక తయారీ ముద్ర కూడా ఉంది. పైగా రంగు తప్పు పడింది. కోడిపుంజు తోక ఎర్రగా ఉండాలి, పచ్చగా వచ్చింది చూడండి.”

మదాం వెర్మేష్ దాన్ని తీసి త్రాసులో పడేసింది. ముల్లు కాస్త వణికి ఊరుకుంది.

“ముద్రట, తోకట! నీ రెండు వందలూ రెండు వందల ఇళ్ళలో మఖమలు గుడ్డ మీద క్షేమంగా పడుకుని ఉన్నాయి నాయనా. అందరూ దాచుకున్నదాని కోసం ఎవడు చస్తాడు? జనం పారేసింది పట్టుకురా, అప్పుడు మాట్లాడుకుందాం.”

ఆవిడ నోటి దురుసు సంగతి ఎలా ఉన్నా మాట మాత్రం నిజం. వేలకు వేలు పంచి, ఎవరూ లెక్కచేయక చెత్తలో పోయిన పిన్నుకే అసలైన బరువు. అలాంటిది మా ఊళ్ళో ఒకటుండేది, వాన్‌హూక్ కార్ఖానా వాళ్ళ చికోరీ పువ్వు. కాఫీలో కలుపుకునే చికోరీ పొడి పొట్లం కొంటే లోపల ఒక నీలం పువ్వు పిన్ను వచ్చేది. కార్ఖానా మూసేసిన రోజున, పని పోయిన జనం వాటిని గేటు ముందు కుప్పపోసి బూట్లతో తొక్కారు. అంత కసిగా చంపిన పిన్ను ఇంకోటి లేదు. అక్కడా ఇక్కడా మిగిలినవాటిని రెజీస్ వెతికి వెతికి కొని కొలిమిలో పడేశాడు. రెజీస్‌ది పాత ఇనుము వ్యాపారం, కొలిమి వాడి పెరట్లోనే ఉంది. చివరికి రెండు మిగిలాయి. ఒకటి వాడి కోటు మీద, రెండోది వాడి అక్క సొలాంజ్ కోటు మీద.

సొలాంజ్ మా ఊరి పోస్టుమనిషి. ఆమెకు పిన్నుల మీద మోజు ఏనాడూ లేదు. తండ్రి మంచాన పడితే నాలుగేళ్ళు సేవ చేసింది. ఆయన పోయాక చూస్తే ఇల్లు తమ్ముడి పేరు మీద ఉంది. ఆనాటి నుంచి అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూస్తే ఊరికి వినోదం. ఆ నీలం పువ్వు ఆమె కోటుకు ఎప్పుడో పొట్లంలోంచి తీసి సరదాగా గుచ్చుకున్నది. తమ్ముడికి అది కూడా కొలిమిలో వేయడానికి కావాలని తెలిసిన క్షణం నుంచి అది ఆమెకు ప్రాణమైంది.

ఇంట్లో దాచలేదు, తమ్ముడు రెండుసార్లు కిటికీ పగలగొట్టించి వెతికించాడు. అందుకని కోటు మీదే ఉంచుకుని తిరిగేది. రెండే మిగిలేసరికి అది బంగాళదుంపల బస్తా అంత బరువైంది. కోటు చిరిగిపోకుండా లోపలివైపు తోలుపట్టీ కుట్టించుకుంది. సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ ఉత్తరాలు పంచేది. మెడ ముందుకు వాలిపోయింది, వీపు గూనిగా వంగింది. యాభై నిండని మనిషిని చూసి పిల్లలు ముసలమ్మ అని వెక్కిరించేవాళ్ళు.

“వసంతంలో మీ తపాలా శాఖ వైద్య పరీక్ష ఉంది,” అన్నాడు డాక్టరు. “ఇలా వంగి వెళ్ళావంటే ఉద్యోగం పోయినట్టే. ఆ తర్వాత సంవత్సరం నడకా పోతుంది. ఆ పిన్ను తీసెయ్యి.”

“తీస్తే వాడిదవుతుంది.”

“అయితే కానీ.”

“మీకు తమ్ముళ్ళు లేరు కదూ డాక్టరుగారూ,” అని చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చేసింది.

ఊరు కూడా తమ్ముడి పక్షమే. ఆఖరి చికోరీ పువ్వు హోల్‌బెక్‌లో ఉందంటే ఇక డంకెర్క్ వాళ్ళ సంఘం తలెత్తుకోలేదని, ఏటా బరువుల పోటీలో వాళ్ళు ఎగరేసుకుపోయే కప్పు మనదవుతుందని రెజీస్ ప్రతి బీరుకొట్టులోనూ చెప్పాడు. దాంతో సొలాంజ్ ఊరికి అడ్డుపుల్ల అయింది. ఆమె వచ్చే వేళకు కుక్కల గొలుసులు విప్పి ఉంచారు. ఉత్తరాల డబ్బాల్లో పేడ పెట్టారు. రొట్టెల కొట్టులో మదాం వెర్మేష్ ముఖం మీదే చెప్పింది.

“రొట్టెలు అయిపోయాయి.”

“వెనక బుట్టలో ఉన్నవి ఇటుకలా?”

“అవి ఊరి మేలు కోరేవాళ్ళకి.”

“నీ రొట్టె తిని బాగుపడ్డవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నువ్వే ఉంచుకో,” అంది సొలాంజ్. అని బయటికి వచ్చి, గోడకు ఆనుకుని, ఊపిరి అందేదాకా నిలబడింది.

రెజీస్ ఎదురు అరుగు మీద నుంచి చూస్తున్నాడు. వాడి కోటు మీదా అంతే బరువు ఉంది. కానీ వాడు ఇనుప దూలాలు ఎత్తే మనిషి, దాన్ని పతకంలా మోస్తాడు.

“ఏమక్కా, రోజురోజుకీ భూమికి దగ్గరవుతున్నావు. ఇంకాస్త వంగితే నాన్న పక్కకే చేరతావు.”

“చేరతాను. నీకు చోటు లేకుండా కాళ్ళు బారజాపుకుని పడుకుంటాను.”

“ఎందుకమ్మా ఈ పంతం? నీకది ఏం చేసుకోవడానికి?”

“నీకివ్వకుండా ఉండటానికి,” అంది. ఆ మాట అనడానికే ఆమె పొద్దున్నే లేచేది. నిజం చెప్పాలంటే ఆమెకు అంతకంటే వేరే బతుకు మిగల్లేదు.

నవంబరులో పోటీ వచ్చింది. లిల్ నుంచి తూచేవాళ్ళు పెద్ద త్రాసుతో దిగారు, డంకెర్క్ వాళ్ళు మూడు బస్సుల్లో వచ్చారు. రెజీస్ కొత్త ఉన్ని కోటు కుట్టించుకుని, గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, నీలం పువ్వుతో హాలు మధ్యలో నిలబడ్డాడు. జనం చుట్టూ మూగి, తాకబోయి, తిట్లు తిని వెనక్కి తగ్గుతున్నారు.

సొలాంజ్ గుమ్మం దాటబోతూ పడిపోయింది. పెద్ద దెబ్బేమీ కాదు. బరువు ముందుకు లాగితే మోకాళ్ళ మీద, తర్వాత బోర్లా పడింది. అంతమందిలో ఒక్కరూ చెయ్యి అందించలేదు. డంకెర్క్ వాళ్ళకు కూడా నవ్వొచ్చింది.

“లేవలేకపోతే చెప్పక్కా, పిన్ను తీసి తేలిక చేస్తాను!” అని అరిచాడు రెజీస్.

చెక్కనేల మీద చెంప ఆనించి ఆమె కాసేపు అలాగే ఉండిపోయింది. బల్లల కింద నుంచి వరసగా బూట్లు కనిపిస్తున్నాయి. చిత్రంగా, ఆమెకు తమ్ముడి మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. నేను మోస్తున్నది పిన్ను కాదు, వీణ్ణి. నాన్నని మోశాను, అది నా ఇష్టం. వీణ్ణెందుకు మోస్తున్నాను? ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. సిగ్గేసింది.

తలుపు పట్టుకుని లేచింది. మెల్లగా నడిచి తమ్ముడి ముందు నిలబడింది.

“ఆఖరిది నీకు కావాలి కదరా?”

“కావాలి.”

“అడుక్కుంటున్నావా, ఆజ్ఞాపిస్తున్నావా?”

“అడుక్కోవడమా, నిన్నా!” అని రెజీస్ జనం వైపు చూసి నవ్వాడు. “ఇవ్వకపోతే ఇంకో చలికాలం ఆగుతాను. నువ్వు ఆగలేవు.”

“అక్కర్లేదు, ఇప్పుడే తీసుకో.”

ఉత్తరాల మూటలకు సీసం ముద్రలు నొక్కే పటకారు ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసి, కోటు అంచు తిప్పి, పిన్ను వెనక సూదిని పట్టి ఒక్క మెలి తిప్పింది. టిక్కుమంది. నీలం పువ్వు గుడ్డు పెంకంత తేలికై ఆమె అరచేతిలో పడింది.

ముందు చప్పట్లు మోగాయి. కప్పు మనదేనని ఎవరో కేక పెట్టారు. రెజీస్ ముఖంలో నవ్వు ఇంకా ఉండగానే మోకాళ్ళు వంగాయి. తర్వాత కూర్చుండిపోయాడు. కోటు అంచు ముందుకు సాగి సాగి నేలకు అంటుకుంది, కింద చెక్కలు పగిలాయి. ఒక ఊరు ఊరంతా కసితీరా తొక్కి చంపిన పువ్వులన్నీ ఆ ఒక్కదాని మీదికి వచ్చి కూర్చున్నాయి. తూచేవాళ్ళు త్రాసు తెచ్చి పక్కన పెట్టారు గానీ పిన్నును అందులోకి ఎత్తడానికి నలుగురు పట్టినా కదల్లేదు. సరే, పందెం హోల్‌బెక్‌దే అని రాసి ఇచ్చేసి వెళ్ళిపోయారు.

“కోటు విప్పు, ఊపిరాడక చస్తావు,” అన్నాడు సంఘం అధ్యక్షుడు దెబాక్.

రెజీస్ ఒక చెయ్యి బయటికి తీశాడు. తీస్తుండగా చూశాడు, మదాం వెర్మేష్ తన కోటు అప్పటికే విప్పేసి, అతని కోటు ఖాళీ చేతిని ఒడుపుగా పట్టుకుంది. దెబాక్ రెండోవైపు నుంచి వంగాడు. డంకెర్క్ వాడు ఒకడు బల్ల కింద నుంచి పాకుతున్నాడు.

“దొంగనాయాళ్ళారా!” అని అరిచి రెజీస్ చెయ్యి మళ్ళీ లోపలికి దూర్చుకున్నాడు.

సొలాంజ్ అప్పటికే వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళి పడుకుని మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయిందట. అద్దంలో తన మెడ తనకే కొత్తగా కనిపించిందని తర్వాత ఎవరితోనో చెప్పింది.

రెజీస్ హాల్లోనే ఉండిపోయాడు. ఇనుము కొట్టు మూతబడింది. శనివారం అక్కడ ఒక పెళ్ళి విందు జరిగితే పెళ్ళివారు అతని చుట్టూ తిరిగి నృత్యం చేశారు, ఒకరిద్దరు కాళ్ళు తగిలి తిట్టుకున్నారు కూడా. సంఘం వాళ్ళు మాత్రం వంతులు వేసుకుని, అతని చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎంతటివాడైనా ఎప్పుడో ఒకప్పుడు కోటు విప్పక తప్పదు కదా.

అతని పేరు మీద వచ్చే ఉత్తరాలు అక్కడికే తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది సొలాంజ్‌కి. మొదటిరోజు నిటారుగా నడిచి వచ్చి ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. మూడోరోజు అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గడ్డం మాసింది, దగ్గర వాసన భరించలేకుండా ఉంది.

“అక్కా,” అన్నాడు చిన్న గొంతుతో. “ఒక్క అయిదు నిమిషాలు ఈ కోటు తొడుక్కుని కూర్చోవా? దొడ్డివైపు వెళ్ళొస్తాను. ఇలా బాల్చీతో బతకలేకపోతున్నానే.”

“వీళ్ళంతా ఉన్నారుగా, అడుగు.”

“వీళ్ళనా! నిన్నొక్కదాన్నే నమ్ముతాను.”

ఆమెకు జాలి వేసింది, కాదనడానికి లేదు. ఎంతైనా చేత్తో అన్నం తినిపించి పెంచిన తమ్ముడు. వంగి, అతని మెడ దగ్గర గుండీ మీద వేళ్ళు వేసింది.

“నేను తొడుక్కోను. నువ్వు విప్పెయ్యరా. నేను విడవలేదూ? చచ్చిపోలేదే. విప్పేసి, రా, ఇంటికి పోదాం. స్నానం చేద్దువుగాని.”

రెజీస్ తన గుండీ మీదున్న ఆమె వేళ్ళను చూశాడు. ఆ తర్వాత గబుక్కున రెండు చేతులతో మెడపట్టీ బిగించుకున్నాడు.

“ఓహో, అదా సంగతి! నువ్వు కూడా దీనికోసమే వచ్చావా?”

సొలాంజ్ వేళ్ళు వెనక్కి తీసుకుంది. సంచి భుజానికి తగిలించుకుని, మిగిలిన ఉత్తరాలు పంచడానికి వెళ్ళిపోయింది. మదాం వెర్మేష్ అల్లికను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, కుర్చీని ఇంకో అడుగు ముందుకు జరుపుకుంది.